గురి కుదరాలంటే తగ్గించాలి

ప్రొద్దుటూరు నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్: "అన్నా, ఆ అంతరిక్ష ఓడల ఆట ఎలైట్ డేంజరస్‌లో శత్రువు ఎదురుగానే ఉంటాడు, దెబ్బ మాత్రం తగల్దు. డీపీఐ 3200 పెట్టినా!"

పెట్టినందుకే తగల్లేదు నాయనా. 800 డీపీఐ అంటే మౌస్ అంగుళం జరిగితే 800 అడుగులు లెక్క. 3200 అంటే నాలుగింతలు, చెయ్యి కాస్త వణికినా ఓడ ఊగిపోతుంది. తగ్గించమన్నా. విండోస్‌లో పాయింటర్ ప్రెసిషన్ టిక్కు కూడా తీసేయమన్నా. అదుంటే చెయ్యి వేగాన్ని బట్టి దూరం మారిపోయి అలవాటు కుదరదు.

అసలు చిక్కు ఇంకోటుంది. మామూలు తుపాకీ ఆటల్లో మౌస్ ఆపితే చూపు ఆగుతుంది. ఇక్కడ మౌస్ జాయ్‌స్టిక్ లెక్క: మధ్య నుంచి పక్కకు జరిపి వదిలేస్తే ఓడ తిరుగుతానే ఉంటుంది. ఆట సెట్టింగుల్లో రిలేటివ్ మౌస్ ఆన్ చేస్తే గురి దానంతటదే మధ్యకొస్తుంది. డెడ్‌జోన్, అంటే మధ్యలో మౌస్ జరిపినా ఓడ కదలని చోటు, కొంచెమే ఉంచాలి.

ఇక చేతి గురి సంగతికొస్తే, మన గండి క్షేత్రంలో ఆంజనేయుణ్ణి రాముడు బాణం మొనతో రాతి మీద గీశాడంటారు. మనకంత చేయి తిరగలేదు గదా, గింబల్ తుపాకులు పెట్టుకో, కొద్ది కోణం లోపల అవే గురి చూసుకుంటాయి అంటే, "అది తొండి గదన్నా" అంటాడు!

సరే, ఫిక్స్‌డ్‌ తుపాకులతోనే కొట్టుకో, అవి వాటంతటవి గురి చూడవు. గుండు చేరేసరికి వాడు ఎక్కడుంటాడో అక్కడ కొట్టు.