మా తండ్రిగారి ఫిడేలు ప్లేటు

మా యింటి నడవలో కిటికీ ప్రక్కన ఒక గ్రామఫోను పెట్టె యుండెడిది. దానికి విద్యుచ్ఛక్తితో పనిలేదు. ప్రక్కనున్న పిడిని పట్టి త్రిప్పి లోని స్ప్రింగును బిగించినచో, ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగుచు పాడెడిది. దాని చెంతనే ఒక రేకుపెట్టెలో పదునెనిమిది ప్లేట్లుండెడివి. మా తండ్రిగారు చిన్న యుద్యోగి. ఆయన తన సంతోషము కొరకు కొనుక్కొనిన వస్తువులు అవి మాత్రమే.

ఆ ప్లేట్లను నేటి బాలబాలికలలో అనేకులు చూచియుండరు. అవి లక్కను, రాతిపొడిని కలిపి చేసినవి. చేయిజారినచో పెంకువలె పగిలిపోవును. ఒక్కొక్క వైపున ఇంచుమించు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. గంటల తరబడి రాగమును విస్తరింపగల విద్వాంసుడు సైతము తన విద్య యొక్క సారమంతయు ఆ మూడు నిమిషములలో ఇమిడ్చి చూపవలసియుండెను. 1902లో కలకత్తాలో మన దేశపు గానమును ప్లేట్లకెక్కించుట మొదలిడినప్పుడు పాడిన వారిలో గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయని యొకరు. పాట ముగియగానే ఆమె తన పేరును తానే ఆంగ్లమున చెప్పెడిది. ఆ ప్లేట్లను అచ్చొత్తుటకు జర్మనీకి పంపెడివారు. అచ్చటి పనివారు పాడినదెవరో గుర్తించుటకే ఈ యేర్పాటు. మీది కాగితము చినిగిపోయినను ఆమె పేరు మాత్రము ప్లేటులోనే నిలిచియున్నది.

మా పెట్టెలోని ప్లేట్లలో మా పిల్లలందరికిని ప్రియమైనవి కొన్ని కలవు. రాయబారపు పద్యములు వచ్చినప్పుడు మేము కఱ్ఱలు చేతబట్టి పాండవులమగుచుంటిమి. ఘంటసాల వారు పాడిన కరుణశ్రీగారి పుష్పవిలాపమును వినునప్పుడు మా అమ్మగారు పూలు కోయుట మాని కూర్చుండెడివారు. ఎవరికిని అక్కఱలేని ప్లేటు ఒక్కటి మాత్రముండెను. అది ఫిడేలు ప్లేటు. దానిలో మాటలు లేవు, కథ లేదు. మీది కాగితము వెలిసిపోయి, వాయించిన వారి పేరు గాని, రాగము పేరు గాని కనబడకుండెను. దానిపై నొక గీత పడినందున ప్రతి చుట్టునకును ‘టక్కు’ మని శబ్దము వచ్చుచుండెను. మా తండ్రిగారు దానిని సంవత్సరమున కొక్కమారు, దీపావళినాటి సాయంకాలము, దీపములు వెలిగించుటకు ముందు క్రొత్త సూది పెట్టి వినెడివారు. అది యెప్పుడు ముగియునా, టపాకాయలు ఎప్పుడు కాల్తుమా యని మేము గుమ్మములో నిలువలేక నిలిచియుండెడివారము.

1972వ సంవత్సరమున నేను చేసిన పని యిచ్చట చెప్పవలసియున్నది. మా వీధిచివర పెండ్లిండ్లకు మైకుసెట్టును అద్దెకిచ్చు నొకతడుండెను. అతని యొద్ద ‘మాయాబజారు’ చిత్రములోని ప్లేటొకటి కలదు. వెన్నెలలో నౌకావిహారము చేయుచు ఘంటసాల, లీల పాడిన యుగళగీతమది. దానిపై నాకెంతయో మక్కువ. ఒకనాడు ధైర్యము చేసి, “దీనికి బదులుగా ఏమి తీసికొందువు?” అని యడిగితిని. అతడు నవ్వి, “మీ యింటిలో పాడుకొనని ప్లేటేదైన తెమ్ము బాబూ! ముహూర్తమునకు ముందు జనము కూడునప్పుడు మాటలు లేని వాద్యమైనను చాలును” అనెను. నేనింటికి పరుగెత్తి, ఎవరును చూడకుండ ఫిడేలు ప్లేటును చొక్కా క్రింద దాచి తెచ్చి యిచ్చితిని. దొంగతనము చేసితినని ఆనాడు నాకు తోచలేదు. పనికిరాని దానినిచ్చి పనికివచ్చు దానిని తెచ్చితినని గర్వించితిని.

దీపావళి వచ్చెను. మా తండ్రిగారు స్నానము చేసి, క్రొత్త సూది పెట్టి, రేకుపెట్టె తెరచిరి. పదునెనిమిది ప్లేట్లను ఒక్కొక్కటిగా తీసి చూచిరి. మరల మొదటినుండి చూచిరి. నాకు కాళ్లు వణకుచుండెను. చివరకు ఆయన చేతికి ‘మాయాబజారు’ ప్లేటు వచ్చెను. ఆయన దానిని దీపపు వెలుగున కెత్తి చూచి, నా వైపునకు చూడకయే, గ్రామఫోనుపై నుంచి పాడించిరి. పాట ముగిసిన పిమ్మట, “ఘంటసాల కూడ మన విజయనగరపు సంగీత కళాశాలలో చదివినవాడే” అని మాత్రమనిరి. ఆ మాటకు అర్థము నాకు తెలియలేదు. దెబ్బ తప్పినదని మాత్రము సంతోషించితిని.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వారు పరమపదించిరి. ఆయన గానము చేసిన భగవద్గీత ఆ తరువాత వెలువడినది. అది నిమిషమునకు ముప్పదిమూడు చుట్లకు కొంచె మెక్కువగా తిరుగు పెద్ద ప్లేటు. శ్లోకము వెంట తెలుగు తాత్పర్యము వచ్చును. ఆంధ్రదేశమున దానిని విననివారు లేరు. అయినను, ఎక్కువగా వినబడినదియే తక్కువగా వినినది కావచ్చునని నాకు దానివలననే తెలిసినది. కాలక్రమమున దానిని చావు జరిగిన యింటిలో మ్రోగించుట యాచారమయ్యెను. నేడు ఏ వీధిలోనైన అది వినబడినచో జనులు, “ఎవరు పోయిరి?” అని యడుగుదురే గాని, నిలిచి వినరు. గీత చనిపోయిన వానికి చెప్పినది కాదు. ధనుస్సు జారవిడిచి కూలబడిన, బ్రతికియున్న మనుష్యుని లేవనెత్తుటకు చెప్పినది. మిక్కిలి ప్రసిద్ధమైన ప్లేటునకు కూడ ఉపేక్ష తప్పలేదు.

నేను ఉపాధ్యాయుడనై జీతము తెచ్చుకొన్న దినములలో చిట్టిబాబుగారి వీణ ప్లేటొకటి కొంటిని. ఆయన కాకినాడలో 1936లో పుట్టి, ఈమని శంకరశాస్త్రిగారి శిష్యుడై ప్రఖ్యాతి గాంచినవారు. ‘కొమ్మలో కోయిల’ అను వాద్యరచనలో ఆయన వీణపై కోయిలను కూయించుట విని నేను విస్మితుడనైతిని. మొదట కోయిల కూత కొరకే వినెడివాడను. పలుమార్లు విన్నపిదప, కూతకును కూతకును నడుమనున్న దానిని వినుట నేర్చితిని. మాటలు లేని సంగీతములో మాటలకు మించినది కలదని అప్పటికి తెలిసినది. అది తెలిసిననాడే, మైకుసెట్టు వానికి నేనిచ్చివేసిన ప్లేటు గుర్తునకు వచ్చి మనస్సు చివుక్కుమనెను.

అయినను తండ్రిగారి యెదుట నోరు విప్పుటకు నాకు చాల సంవత్సరములు పట్టెను. 1991 దీపావళినాడు, ఆయన మంచము పట్టి యుండగా, ప్రక్కన కూర్చుండి జరిగినదంతయు చెప్పితిని. ఆయన మెల్లగా నవ్విరి.

“నాకు తెలియును అబ్బాయీ! ఆ యేటి మాఘమాసములో ఒక పెండ్లికి పోయితిని. పందిటిలో మైకు మ్రోగుచుండెను. రెండుమారులు ‘టక్కు’ మని వినగానే నా ప్లేటే యని తెలిసినది. పందిటిలో అందరు మాటలాడుకొనుచుండిరి. నేను రాట ప్రక్కన నిలిచి వింటిని.”

“ఇమ్మని యడుగలేకపోతిరా, నాన్నగారూ?”

“అడిగినచో నీవిచ్చితివని అతడు చెప్పవలసివచ్చును గదా! అయినను, రాట ప్రక్కన నిలిచి వినుట నాకు క్రొత్త కాదు.”

అప్పుడాయన చెప్పిరి. ఆ ప్లేటులోని ఫిడేలు ద్వారము వేంకటస్వామినాయుడుగారిది. తండ్రిగారు 1945 ప్రాంతమున విజయనగరములో చదువుకొనుచు, సాయంకాలములందు సంగీత కళాశాల వసారాలో స్తంభము ప్రక్కన నిలిచి నాయుడుగారి ఫిడేలును వినెడివారట. లోనికి పోవుటకు ధైర్యము లేదు. వెడలిపోవుటకు మనసు రాదు. నాయుడుగారు 1919లో ఆ కళాశాలకు విద్యార్థిగా చేరవచ్చి, ఆయన వాద్యమును వినిన ఆదిభట్ల నారాయణదాసుగారిచేత ఆచార్యుడుగా నియమింపబడిరని చెప్పుదురు. 1936లో దానికి అధ్యక్షులైరి. చూపు మందమైనను, ఆయన కమాను సన్నని స్వరమును సైతము తప్పెడిది కాదు. ఆయన 1893లో దీపావళినాడు జన్మించిరి. మా యింట ఆ ప్లేటు దీపావళినాడే యేల మ్రోగెడిదో నాకప్పుడు తెలిసినది. ఘంటసాల విద్యార్థిగా మధుకరమెత్తి చదువుకొనినది నాయుడుగారు అధ్యక్షులుగా నున్న ఆ కళాశాలలోనే. ఒకే ముంగిటినుండి వచ్చిన రెండు నాదములలో ఒకదానినిచ్చి మరియొకదానిని తెచ్చుకొంటిని. తండ్రిగారు ఆనాడనిన మాట దండన కాదు, ఓదార్పు కాదు. నేను తెచ్చినదియు మంచిదే యని నాకు చెప్పుట.

మరుసటి యేట ఆయన కాలధర్మము నొందిరి.

నేను ఉద్యోగము విరమించినపిదప ఆ ప్లేటు కొరకు వెదకితిని. మైకుసెట్టు వాడు లేడు. అతని దుకాణము లేదు. పాత వస్తువులమ్మువారి గుట్టలలో వ్రేళ్లు నల్లబడునంతవరకు చూచితిని. చివరకు మా మనుమడు, “తాతగారూ, పాత ప్లేట్లలోని సంగీతమును నేడు ఫోనులో వినవచ్చును గదా!” అని, నాయుడుగారి వాద్యమును వెదకి తీసి నా చేతికిచ్చెను. అట్టివి ఒకటి కాదు, పెక్కులున్నవి. ఒక్కొక్కటి మూడేసి నిమిషములు. వాని వెనుక పాత ప్లేట్ల గరగరయు ఉన్నది. నేను కన్నులు మూసికొని అన్నిటిని వింటిని.

“వీనిలో ముత్తాతగారి ప్లేటు ఏది?” అని వాడడిగెను.

నేను చెప్పలేకపోయితిని. బాల్యమున ఇన్ని దీపావళులు ఆ ప్లేటు నా చెవులలో పడెను. నేనొక్కమారైనను వినియుండలేదు. టపాకాయల కొరకు వేచియుంటిని. విననిదానిని ఏమని గుర్తింతును? ప్లేటును పోగొట్టుకొన్నది 1972లో మైకుసెట్టు దుకాణమున కాదు. అంతకు ముందే, మా యింటి గుమ్మములో, ప్రతి దీపావళినాడును పోగొట్టుకొనుచునే యుంటిని.

అందుచేత ఇప్పుడొక నియమము పెట్టుకొంటిని. దీపావళినాటి సాయంకాలము, దీపములు వెలిగించుటకు ముందు, నాయుడుగారి ఫిడేలు మూడు నిమిషములు విందును. ఏటికొక క్రొత్తదానిని వినుచున్నాను. ఆ సమయమున ఎవరితోను మాటలాడను, మరియొక పని చేయను. వీనిలో నేదో యొకటి మా తండ్రిగారిదై యుండవచ్చును, ఏదియు కాకపోవచ్చును. మా మనుమడు టపాకాయల బుట్టను క్రింద పెట్టి, గుమ్మములో నిలువక, వచ్చి నా ప్రక్కన కూర్చుండుచున్నాడు.