రెండు ఏనుగులా, ఒకే ఏనుగా?

చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి స్తూపపు గుండ్రని శిల్పఫలకం ఒకటుంది. క్రీ.శ. 2వ శతాబ్దానిది. ఒకవైపు మదించిన ఏనుగు ఒక మనిషిని తొండంతో పట్టి విసురుతోంది. వీధిలో జనం చెల్లాచెదురవుతున్నారు. మరోవైపు బుద్ధుని ఎదుట ఏనుగు మోకరిల్లి ఉంది. పైన గవాక్షాల నుంచి నగరవాసులు చూస్తున్నారు. కథ తెలియని కన్ను అక్కడ రెండు ఏనుగులను లెక్కిస్తుంది. దేవదత్తుడు బుద్ధునిపైకి ఉసిగొల్పిన నాళాగిరి కథ విన్న కంటికి కనిపించేది ఒకే ఏనుగు. ఆ రెండు ఆకారాల నడుమ జరిగినది దాని మనసులోని మార్పు. దాన్ని శిల్పి చెక్కలేదు, చూసేవారికి వదిలేశాడు.

ప్రాచీన శిల్పులు కాలాన్ని రాతిలో ఎలా బంధించారన్న విషయంపై కళాచరిత్రకారిణి విద్యా దెహెజియా 1997లో 'డిస్కోర్స్ ఇన్ ఎర్లీ బుద్ధిస్ట్ ఆర్ట్' అనే గ్రంథం వెలువరించారు. ఒకే ఘట్టంతో మొత్తం కథను స్ఫురింపజేయడం, ఒకే చట్రంలో పాత్రను పదేపదే చూపడం, ఘట్టాలను వరుసగా పేర్చడం వంటి పద్ధతులను అందులో విడమరచి చెప్పారు. వరుసగా పేర్చే పద్ధతికి చక్కని తార్కాణం హంపీలోని హజార రామాలయం. 15వ శతాబ్దపు ఆ గుడి గోడలమీద రామాయణం వరుసలుగా సాగుతుంది. అక్కడ పుట తిప్పేది చెయ్యి కాదు, కాలు. ప్రదక్షిణగా నడిస్తేనే కథ ముందుకు కదులుతుంది.

అయితే ఇన్ని ఉపాయాలున్నా రాయి తనంతట తాను కథ చెప్పదు. భర్హుత్ స్తూపం మీద కొన్ని జాతకకథల పేర్లైనా చెక్కారు. అమరావతి శాసనాలలో ప్రధానంగా కనిపించేవి దాతల వివరాలు. విధికుడనే చర్మకారుడు కూడా కుటుంబంతో కలిసి ఒక పూర్ణఘట ఫలకాన్ని సమర్పించాడు. శిల్పం పక్కన కథ రాయలేదంటే, దాన్ని నోటితో చెప్పేవారు ఎప్పుడూ ఉంటారన్న నమ్మకం ఆ దాతలకు ఉండి ఉంటుంది.

ఆ నమ్మకానికి కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో కొత్త పరీక్ష ఎదురవుతోంది. బేవ్యూ అవెన్యూలోని గణేశాలయంలో ఒక పిల్లవాడు వినాయకుని విరిగిన దంతం చూసి ఎందుకలా ఉందని అడిగితే, ఆ ప్రశ్న నాళాగిరి ఫలకం అడిగే ప్రశ్న వంటిదే. ఆరు నెలలు ఉండిపోవడానికి వచ్చిన అమ్మమ్మ, ఆ దంతాన్నే ఘంటంగా చేసి వ్యాసుడు చెబుతుండగా భారతం రాశాడని తెలుగులో మొదలుపెడుతుంది. మనవడికి సగమే అర్థమవుతుంది. మిగతా సగం తల్లి ఇంగ్లీషులో పూర్తి చేస్తుంది. కథ భాష మారినా నిలుస్తుంది. చెప్పే మనిషి లేకపోతే నిలవదు.

అమరావతి రాళ్లలో ఎన్నో సున్నపుబట్టీల పాలయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నైకి, లండన్‌కు చేరి భద్రంగా ఉన్నాయి. వాటి ఎదుట నిలిచే సందర్శకునికి పక్కనున్న చీటీ శతాబ్దాన్ని, దొరికిన చోటును తెలుపుతుంది. ఏనుగు ఎందుకు మోకరిల్లిందో చెప్పడానికి మాత్రం పక్కన ఒక మనిషి ఉండాలి. అమ్మమ్మ విమానం ఎక్కాక, రిచ్‌మండ్ హిల్ ఇంట్లో ఆ పని ఎవరిది?