బాగేపల్లి దాటాక

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు కాపురం మారుస్తున్నామంటే అందరూ అడిగింది ఒకటే: "అక్కడ అద్దెలెలా ఉన్నాయి?" నిజాంపేటలో కట్టేదానికీ మారతహళ్లిలో కుదిరినదానికీ తేడా ఉంది కానీ భయపడేంత లేదు. భయపెట్టింది అడ్వాన్సు. మన దగ్గర రెండు నెలల అద్దె చేతిలో పెడితే తాళాలిచ్చేస్తారు. బెంగళూరు పాత ఆనవాయితీ పది నెలలు. బతిమాలితే మా ఓనరు ఆరుకు దిగాడు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె పట్టుకుంటాడట, గోడ మీద మేకు కొట్టినా కొట్టకపోయినా. వడ్డీ రాని ఆ డబ్బును ఎక్కడ రాయాలో మా ఆవిడ వేసిన పద్దులో చోటే లేదు.

సామాను లారీలో, మేం కారులో బయల్దేరాం. 44వ నంబరు హైవే మీద కర్నూలు, అనంతపురం, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ అన్నీ దాటాక బాగేపల్లి టోల్‌గేటు. అక్కడికి కర్ణాటకలో పడ్డట్టే. టీఎస్ నంబరు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. హైదరాబాద్ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. పాతదాంట్లో మిగిలింది వాపసు కావాలంటే తెలంగాణకే అర్జీ పెట్టుకోవాలి. అద్దెలడిగిన వాళ్లెవరూ ఈ ముక్క చెప్పలేదు.

దిగిన వారంలోనే మా ఆవిడ సిటీ బస్సెక్కింది. ఆడవాళ్లకు ఇక్కడా ఉచితమే, 2023 జూన్ నుంచి. కండక్టరు ఆధార్ కార్డు తిప్పి చూసి శుభ్రమైన తెలుగులో, "హైదరాబాద్ అడ్రసుందమ్మా, టికెట్ తీసుకోండి" అన్నాడు. కూకట్‌పల్లిలో జీరో టికెట్ ఇప్పించిన కార్డే అది!

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. హైదరాబాద్‌లో నెలకు 20,000 లీటర్ల దాకా మంజీరా, కృష్ణా నీళ్లకు బిల్లు లేకపోవడం అలవాటైపోయి దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇక్కడ కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపులెక్కి రావాలి. మా అపార్ట్‌మెంటు దాకా అవీ రావు, తెల్లారకముందే ట్యాంకరు వస్తుంది. మెయింటెనెన్స్ బిల్లులో లిఫ్టు, వాచ్‌మన్ కలిపినా దాని ముందు దిగదుడుపే. కలిసొచ్చింది కరెంటు. మాకు తెల్ల రేషన్ కార్డు లేదు కనక అక్కడ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి దక్కలేదు. ఇక్కడ అద్దె అగ్రిమెంటు చూపించి దరఖాస్తు పెట్టుకోవచ్చు. బియ్యం, కూరగాయల ధరల్లో పెద్ద తేడా ఏమీ కనపడలేదు.

ఆధార్ అడ్రసు మార్పించడానికి మా ఆవిడ వెంటనే కాగితాలిచ్చేసింది. కారు సంగతి మాత్రం, ఏడాది గడువుంది కదా అని, ఇంకా మాట్లాడుకోవడం లేదు.