అమ్మ తెచ్చిన వావిలాకు

కింద పడిన పెన్సిల్ తీద్దామని వంగాను. అంతే, నడుం పట్టేసింది. నాలుగేళ్ల పాప 'ఎత్తుకోమ్మా' అని చేతులు చాపితే, 'రేపు ఎత్తుకుంటాలే బంగారం' అన్నాను. ఆ 'రేపు' రావడానికి ఏడు నెలలు పట్టింది.

మొదట బామ్‌లు, మాత్రలు, నడుముకి బెల్టు. తర్వాత స్కానింగ్. రిపోర్టులో 'డిస్కు ఉబ్బింది' అన్న మాట చూసి గుండె జారిపోయింది. ఒక డాక్టరైతే ఆపరేషన్ దాకా వెళ్లారు. అప్పట్నుంచీ వంగాలంటే భయం. ఆఫీసులో కుర్చీ, ఇంట్లో మంచం... అదే నా ప్రపంచమైపోయింది.

సంగతి తెలిసి అమ్మ ఊరి నుంచి బస్సెక్కి వచ్చేసింది. సంచి నిండా వావిలాకు, సీసాతో నువ్వుల నూనె. 'మీ నాన్నమ్మే ఉంటే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లని పిలిచి నడుం తొక్కించేది. నేనంతకు తెగించన్లే' అని నవ్వింది. పొద్దున వావిలాకు మరిగించిన నీళ్లతో స్నానం. రాత్రి నూనె రాసి, వేయించిన రాళ్ల ఉప్పు మూటతో కాపడం. ప్రాణం లేచొచ్చేది. తెల్లారేసరికి మళ్లీ మామూలే!

చివరికి మరో డాక్టరు దగ్గరికెళ్లాం. ఆవిడ స్కానింగ్ పక్కన పెట్టి, నన్ను బోర్లా పడుకోమని పిరుదు పైభాగంలో ఒకచోట బొటనవేలితో నొక్కారు. కెవ్వుమన్నాను. 'మీ నొప్పి ఇదేనా?' అచ్చంగా అదే!

'డిస్కు ఉబ్బిన మాట నిజమే. కానీ ఏ నొప్పీ లేని యాభయ్యేళ్ల వాళ్లలోనూ నూటికి 60 మందికి అలా కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. మీది కండరాల నొప్పి. గంటల తరబడి కూర్చుని వాటిని బలహీనపరిచారు. భయంతో కదలక ఇంకా బిగుసుకునేలా చేశారు' అన్నారావిడ.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది, నేనొక్కదాన్నే కాదని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి. వారిలో నూటికి 90 మందికి ఫలానా ఎముకో, డిస్కో కారణమని చూపించలేం. దీర్ఘకాలం బాధించే ఇలాంటి నొప్పికి వ్యాయామం మంచిదనీ, బెల్టులు అలవాటుగా వాడొద్దనీ ఆ సంస్థ 2023లో సూచించింది.

మరి అమ్మ కాపడం వృథాయేనా? కాదట. వేడికి కండరం కాస్త సడలుతుంది, నొప్పి తగ్గుతుంది. ఆ కాసేపట్లోనే శరీరాన్ని కదిలించాలి. నేనేమో కాపడం పెట్టించుకుని హాయిగా నిద్రపోయేదాన్ని!

అప్పట్నుంచీ కాపడం అవగానే పది నిమిషాల నడక. తర్వాత వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలూ ఛాతీకి తెచ్చుకోవడం, పాదాలు నేలకు ఆనించి నడుం పైకెత్తడం. మొదట్లో మూడుసార్లకే ఆయాసం. ఆఫీసులో అరగంటకోసారి లేచి నిలబడేదాన్ని.

అందరిదీ నాలాంటి నొప్పే అనుకోకూడదు. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, జ్వరం ఉన్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా చిట్కాలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక సాయంత్రం నేను వ్యాయామం చేస్తుంటే పక్కన కూర్చున్న అమ్మ గోడ పట్టుకుని లేచింది. 'నీకూ నొప్పా?' అన్నాను. 'నువ్వు పుట్టినప్పట్నుంచీ ఉన్నదేగా. పనిలో పడితే తెలీదులే' అంది. ముప్ఫయ్యేళ్ల పైచిలుకు నొప్పి! నేనొక్కసారీ అడగలేదు. నాకు కాపడం పెట్టిన ఆ చేతులకి ఏం చెప్పాలో తెలియలేదు. మర్నాడే డాక్టరుకు చూపించాను.

ఇప్పుడు మా హాల్లో రెండు చాపలు. మోకాళ్లు వంచి, గుండెకి హత్తుకుని పాపని ఎత్తుకుంటున్నాను. మాకు లెక్కపెట్టే పని దానిదే. ఆరు తర్వాత నేరుగా ఎనిమిది అంటుంది. నేను సరిదిద్దబోతే అమ్మ కన్ను గీటుతుంది... ఒకటి తగ్గింది కదా, పోనీలే అని!