దొడ్లో తుంగ

"దుడ్లిచ్చి తుంగ తెచ్చినావా నాయనా!"

బెంగుళూరు బస్సు దిగి, కుండీ తెచ్చి గడప ముందర పెట్టగానే మా అమ్మ అన్న మాట ఇది. అనదా మరి! శెనక్కాయ చేలో ఏళ్ళ తరబడి తుంగ పెరికిన చేతులవి. పైన పెరికితే గడ్డ లోపలే ఉండిపోతుంది. ఆ గడ్డ నుంచి ఒక వేరు పోయి ఇంకో గడ్డ, దాన్నుంచి మరొకటి, గొలుసులాగా. ఒక్క వాన పడితే చాలు, మళ్ళీ సూదుల్లా లేస్తుంది. లోకంలోని కలుపు మొక్కలన్నిటినీ బేరీజు వేసి 1977లో అచ్చేసిన ఒక పెద్ద గ్రంథం కూడా మొదటి పీట ఈ తుంగకే వేసింది.

నేను తెచ్చింది ఆ తుంగ కాదు, దాని దాయాది. నర్సరీలో అంబ్రెల్లా పామ్ అంటారు గాని తాటిచెట్టుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. మడగాస్కర్, తూర్పు ఆఫ్రికా నీటి ఒడ్డుల్లో పుట్టిన సైపెరస్. ఒకప్పుడు ఈజిప్టువాళ్ళు రాసుకున్న పాపిరస్‌దీ ఇదే ప్రజాతి, మన చాపలల్లే తుంగదీ ఇదే ప్రజాతి. నడుమెత్తు కాడలు, ఒక్కో కాడ కొసన గొడుగు ఊచల్లా విచ్చుకున్న సన్నని ఆకులు. అమ్మ ఒక కాడను వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది. "మూడంచులు. తుంగే" అంది. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. తుంగ కాడకు కణుపుండదు, లోపల నిండుగా ఉంటుంది, వేలికి మూడంచులూ తగులుతాయి. బడిలో వృక్షశాస్త్రం చదివిన నాకు ఆ తేడా అమ్మ వేళ్ళ దగ్గరే తెలిసింది.

మా పావగడలో నీళ్ళ మొక్కేమిటని ఎవరైనా అడిగితే ఆ అడగడం న్యాయమే. మా బోర్లలో ఫ్లోరైడు. తాగే నీళ్ళు ఆర్‌ఓ ప్లాంటు నుంచి క్యాన్లతో మోసుకొస్తాం. ఎక్కడో ఉన్న తుంగభద్ర వెనుక జలాలు పైపుల్లో మా తాలూకాకు రావాలని పెద్ద పథకమే పెట్టుకోవలసి వచ్చింది. ఇలాంటి ఊళ్ళో అందం కోసం మంచినీళ్ళు పొయ్యడం తప్పు. ఈ మాట మీద నేను గట్టిగా ఉన్నాను. అందుకే తుంగను గిన్నెలు తోమే చోట, మురుగు కాలవ మొదట్లో పెట్టాను. పాత సిమెంటు తొట్టి, అడుగున కంకర, పైన ఇసుక. నీళ్ళు పైకి తేలకుండా రాళ్ళు నింపితే దోమలకు చోటుండదు. వాడిన నీళ్ళను శుభ్రం చెయ్యడానికి చాలా దేశాల్లో ఇదే మొక్కను కంకర మడుల్లో పెంచుతున్నారు. చాలా మొక్కల వేర్లు కుళ్ళిపోయే బురదలో దీని వేళ్ళు సుఖంగా ఉంటాయి.

మొదటి ఏడు ఒక పొరపాటు చేశాను. ఆర్‌ఓ ప్లాంటు వదిలేసే నీళ్ళు వృథా పోతున్నాయి కదా అని రోజూ తెచ్చి పోశాను. ఆకుల కొసలు మాడి గోధుమరంగుకు తిరిగాయి. వడపోతలో మిగిలిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే కదా ఉండేది! బియ్యం కడిగినవి, గిన్నెలు తోమినవి పోస్తే తేరుకుంది. ఎండ సంగతీ చూసుకోవాలి. మా తాలూకాలోని తిరుమణి చుట్టుపక్కల 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టించిన ఎండ ఇది. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం గోడ నీడ పడేలా తొట్టి జరపాలి. ఎండిన కాడల్ని మొదలంటా కోసేస్తే పక్కనుంచి కొత్తవి వస్తాయి.

దీన్ని పిలకలు విడదీసీ నాటొచ్చు. కానీ నాకిష్టమైన పద్ధతి వేరే. గొడుగును రెండంగుళాల కాడతో కోసి, ఆకుల్ని సగానికి కత్తిరించి, గ్లాసు నీళ్ళలో తలకిందులుగా వెయ్యాలి. అవును, తలకిందులుగానే. రెండు మూడు వారాలకు ఆకుల మొదట్లో తెల్లని వేళ్ళు, వాటి నడుమ పచ్చని మొలకలు. నీటి ఒడ్డున కాడ వాలి గొడుగు నీళ్ళలో మునిగితే అక్కడా ఇదే జరుగుతుంది. మొదటిసారి మొలక కనిపించిన రోజు గ్లాసును దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాను.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. దీనిది కూడా తుంగ వంశమే, విత్తనం రాలితే తడి ఉన్నచోటల్లా పాకుతుంది. పూత ముదరకముందే తుంచెయ్యాలి. కోసిన చెత్తను చెరువులో, నాగలమడక దగ్గర పినాకిని నదిలో పారెయ్యకూడదు. తొట్టిలో ఉన్నంతవరకే అది అలంకారం.

ఇప్పుడు ఎండు కాడలు కోసేది అమ్మే, చేలో తుంగ కోసిన ఆ పాత కొడవలితోనే. ఒక్క కుండీ ఐదు తొట్లయింది. వాటిలో దేనికీ ఇంతవరకు ఒక చెంబు మంచినీళ్ళు పోయలేదు. మీ ఇంట్లో గిన్నెలు తోమిన నీళ్ళు ఎటు పోతున్నాయో ఒకసారి చూసుకోండి. వీధిలోకి పోతూ ఉంటే ఒక పాత తొట్టి వెతికిపెట్టుకుని మా ఇంటికి రండి. గొడుగు నేనిస్తాను.