డ్రమ్ కోర్‌లో చేరే స్తోమత ఎవరికుంది?

2009లో డ్రమ్ కోర్ (ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు వాయిస్తూ మైదానంలో కవాతు చేసే బృందం) పోటీల్లోకి సింథసైజర్లు వచ్చినప్పటి నుంచీ పాత అభిమానుల గొడవ ఒకటే: అసలు ధ్వని పోయిందని. నాకు ఆ బాధ లేదు. 22 ఏళ్లు దాటని పిల్లలు మైదానమంతా పరుగులు తీస్తూ, లయ తప్పకుండా ట్రంపెట్లూ డ్రమ్ములూ వాయిస్తుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

నా భయమల్లా డబ్బు గురించే. 1934లో పుట్టి, 10 సార్లు డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (డీసీఐ) ఛాంపియనైన కెడెట్స్ బృందం 2024లో మూతపడింది. శాంటా క్లారా వాన్‌గార్డ్ అంతటి బృందం 2023 సీజన్ మానుకుంది, అదృష్టం కొద్దీ మరుసటి ఏడు తిరిగొచ్చింది. వేసవంతా బస్సులు, భోజనాలు, వాద్యాలు లారీల్లో ఊరూరా తిప్పడం... ఆ ఖర్చులో పెద్ద భాగం పిల్లల ఫీజు మీదే పడుతోంది. ఒక్క సీజన్‌కి వేల డాలర్లు!

ఒకప్పుడు అమెరికాలో చర్చిలు, మాజీ సైనికుల సంఘాలు పేటలోని పిల్లల కోసం నడిపిన బృందాలివి. ఇప్పుడు బస్సు డ్రైవరు కూతురు ఆడిషన్ నెగ్గినా చేరగలదా? 2025లో బోస్టన్ క్రూసేడర్స్ బృందం తొలిసారి డీసీఐ టైటిల్ గెలిస్తే సంబరపడ్డాం కదా, ఆ సంబరంలో కొంత స్కాలర్‌షిప్ నిధులకూ పంపుదాం. నేను ఏటా పంపుతున్నాను.