మధ్యాహ్నం పూట పెద్ద హోటల్‌కి

మా ఇంటి లెక్కల పుస్తకంలో ఒక పద్దు ఉంది. ఎంత బిగపట్టిన నెలలోనైనా దాన్ని మాత్రం తేలిగ్గా కొట్టెయ్యను. ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడో, మేమే పిల్లల్ని తీసుకుని ఏదైనా ఊరు వెళ్లినప్పుడో, ఒక్క పూట మంచి హోటల్లో భోజనం. అదీ రాత్రి కాదు, మధ్యాహ్నం. ఆదివారం కాదు, పనిరోజు. ఈ రెండు షరతులు పెట్టుకున్నాకే ఆ ఖర్చు మా స్తోమతలోకి వచ్చింది.

మేముండేది హైదరాబాద్ కొండాపూర్‌లో. మైండ్‌స్పేస్‌లో వెస్టిన్, హెచ్‌ఐసీసీని ఆనుకుని నోవోటెల్, సైబర్ టవర్స్ వైపు ట్రైడెంట్, దుర్గం చెరువును చూస్తూ ఐటీసీ కోహినూర్, గచ్చిబౌలిలో షెరటన్... అన్నీ మాకు దగ్గరే. 1998లో సైబర్ టవర్స్ మొదలైన రోజున వీటిలో ఒక్కటీ లేదు. ఐటీ కంపెనీల పని మీద వచ్చిపోయే వాళ్ల కోసం పుట్టిన హోటళ్లివి. మనలాంటి సంసారులు ఆదివారం బ్రంచ్‌కు వస్తారు, అందుకే ఆ రోజు ధర ఎక్కువ. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం వెళ్తే అదే వంటగది, అదే చెఫ్, అదే తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, తక్కువ ధర.

ఇందులో మాయేమీ లేదు. హోటల్‌కి అద్దె, జీతాలు, కరెంటు బిల్లు ఎలాగూ తప్పవు. ఖాళీగా ఉండిపోయిన బల్ల మీద ఆ పూట రాబడి మళ్లీ రాదు. రాత్రయితే మందుతో బిల్లు పెరుగుతుంది, మధ్యాహ్నం ఆ ఆశ లేదు. ఆఫీసు నుంచి వచ్చినవాళ్లు గంటలో తిని లేవాలి. అందుకే ఒకే ధరకు బఫే అనో, సెట్ లంచ్ అనో పెడతారు. పారిస్‌లో, లండన్‌లో మిషెలిన్ స్టార్ ఉన్న రెస్టారెంట్లు కూడా చాలావరకు ఇదే చేస్తాయి, రాత్రి ధర కంటే మధ్యాహ్నం బాగా తగ్గిస్తాయి. స్పెయిన్‌లో ఒకే ధరకు వరుసగా వడ్డించే ‘మెను దెల్ దియా’ 1960ల నుంచీ మామూలు జనం మధ్యాహ్న భోజనం.

ఒకే ధర వల్ల అసలు లాభం డబ్బులో కాదు, మా మావయ్యగారి ముఖంలో చూశాను. ఆయన తెనాలిలో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఏ హోటల్‌కి తీసుకెళ్లినా మెనూ కార్డులో ఎడమ పక్క ఏముందో చూడరు, కుడి పక్క అంకెలే చదువుతారు. వేలు పైనుంచి కిందికి జారుతూ వెళ్లి అన్నిటికంటే తక్కువ అంకె దగ్గర ఆగుతుంది. "నాకు పెద్దగా ఆకలి లేదమ్మాయ్, ఓ పెరుగన్నం చాలు" అంటారు. అత్తయ్యగారు ఆయన ముఖం చూసి "నాకూ అదే" అంటారు. మనం వేలు ఖర్చు పెట్టడానికి సిద్ధపడి వెళ్తాం, వాళ్లు పెరుగన్నం తిని వస్తారు.

సెట్ లంచ్‌కి వెళ్లినప్పుడు చదవడానికి అంకెలే లేవు. "ఎంతమ్మాయ్ ఇది?" అని అడిగారు. "ఇందాకే కట్టేశాం మావయ్యగారూ, తిన్నా అంతే, తినకపోయినా అంతే" అన్నాను. అది నిజమే, యాప్‌లో ముందే కట్టి వెళ్లాం. ఆ మాటతో ఆయన భుజాలు కాస్త దిగాయి. బగారా బైంగన్ రెండోసారి వడ్డించమన్నారు. ఖుబానీ కా మీఠా గిన్నెలోంచి పాకాన్ని చెంచాతో తీసుకుంటూ, ఇది ఏ పండుతో చేశారని వడ్డించే అబ్బాయిని అడిగారు. ఎండబెట్టిన ఆప్రికాట్లనీ, రాత్రంతా నానబెడతారనీ, లోపలి గింజ పగలగొడితే బాదంలాంటి పప్పు వస్తుందనీ ఆ అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. ఇంటికొచ్చాక ఆయన అదంతా ఫోన్‌లో మా ఆడపడుచుకి మళ్లీ చెప్పారు. నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత తృప్తినిచ్చినవి తక్కువ.

పెద్దవాళ్ల విషయంలో బఫే కంటే సెట్ లంచ్ గానీ, థాలీ గానీ మేలని నా అభిప్రాయం. అరవై ఏళ్లు దాటినవాళ్లు బఫే ధరకు సరిపడా తినలేరు, ప్లేటు పట్టుకుని తిరగడమూ వాళ్లకు ఇబ్బందే. యుక్తవయసు పిల్లలున్న ఇంటికైతే బఫేయే లాభం. చిన్నపిల్లలకు చాలాచోట్ల సగం ధర, కొన్నిచోట్ల ఉచితం. వయసు హద్దు ఒక్కో హోటల్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అడిగి తీరాలి.

ఇక పన్ను. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. బయట విడిగా ఉండే రెస్టారెంట్‌లో భోజనం మీద జీఎస్టీ 5 శాతం. అదే, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే స్టార్ హోటల్ లోపలి రెస్టారెంట్‌లో 18 శాతం. బోర్డు మీద తలకు 1,200 అని రాసి పక్కనే చిన్న అక్షరాల్లో ‘ప్లస్ ట్యాక్సెస్’ అని ఉందనుకోండి. స్టార్ హోటల్లో అది 1,416 అవుతుంది, బయట 1,260. ఆరుగురు మనుషులకు 8,496 ఒకచోట, 7,560 ఇంకోచోట. తేడా 936 రూపాయలు. అందుకని రెండు చోట్ల ధరలు పోల్చేటప్పుడు పన్ను కలిపిన అంకెనే పోలుస్తాను.

సర్వీస్ చార్జీ వేరే సంగతి. హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలిపేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. బిల్లులో ఆ పద్దు కనిపిస్తే తీసెయ్యమని మర్యాదగా అడగండి, కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. నేను అది తీయించి, వడ్డించిన మనిషి చేతికే విడిగా ఇస్తాను. మంచినీళ్ల సీసా దగ్గర మాత్రం చట్టం మన పక్షాన లేదు. హోటళ్లు, రెస్టారెంట్లు ఎమ్మార్పీకి మించి వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లో చెప్పింది. కూర్చోగానే "మామూలు నీళ్లు ఇవ్వండి" అనడం అందుకే.

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే, శుక్రవారం రాత్రుల నుంచి. ఆఫీసు అలసటలో యాప్ తెరిచి తెప్పించుకునే బిర్యానీకి డెలివరీ చార్జీ, ప్లాట్‌ఫాం ఫీజు, ప్యాకింగ్, వాటి మీద పన్ను. తిన్నది రెండో రోజుకి గుర్తుండదు. మావారూ నేనూ కూర్చుని అందులో సగం ఆపేశాం. మిగిలినదాన్ని చిన్న రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాం. అది పండినప్పుడే పెద్ద హోటల్. పండకపోతే ఆ ఏడాదికి కొత్తగూడ దగ్గర మంచి మెస్సే, అందులో చిన్నతనమేమీ లేదు. క్రెడిట్ కార్డు ఆఫర్ ఉంటే వాడుకుంటాం గానీ బాకీ మాత్రం గడువు లోపల పూర్తిగా కట్టేస్తాం. చాలా కార్డులు నెలకు మూడు శాతం పైనే వడ్డీ వేస్తాయి. పది శాతం తగ్గింపు కోసం తిని, మూడు నాలుగు నెలలు బాకీ ఈడిస్తే తగ్గింపంతా వడ్డీకే పోతుంది. ఆఫర్లలో కొన్ని బఫేకి గానీ పండగ రోజుల్లో గానీ వర్తించవు. షరతులు చదివాకే టేబుల్ బుక్ చేస్తాను.

పెద్ద హోటల్‌కి వెళ్లిన రోజు మిగతా పూటలు తేలిగ్గా నడుస్తాయి. పొద్దున బండి మీద ఇడ్లీ తిని బొటానికల్ గార్డెన్‌లో నడక, భోజనమయ్యాక శిల్పారామంలో చెట్ల నీడ, రాత్రికి ఇంట్లో మజ్జిగ, పండు. మన పెద్దలు నిండుగా తినేది మధ్యాహ్నమే. రాత్రి తొమ్మిదింటికి మసాలా కూరలు తినిపిస్తే ఖర్చుతో పాటు వాళ్లకు నిద్రా పోతుంది.

ఈసారి మీ ఇంటికి పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఒక పనిరోజు సెలవు పెట్టండి. ముందురోజే హోటల్‌కి ఫోన్ చేసి, మధ్యాహ్న భోజనం పన్నుతో కలిపి తలకు ఎంతో అడగండి. వీలైతే డబ్బు ముందే కట్టేయండి. వాళ్ల చేతికి మెనూ కార్డు రానివ్వకండి.